హీరోయిన్ ఛాన్స్ పోయింది.. టైటిలే ఆమెదైంది

డెవలపర్ పోస్టు ఆశిస్తే సపోర్ట్ ప్రాజెక్టులో వేశారని దిగులుపడుతున్నారా? అయితే సూర్యకాంతం గారి కెరియర్ ఒకసారి చూడండి. అవును, మీ అమ్మమ్మ టీవీ ముందు కూర్చుని తిట్టుకునే ఆ గయ్యాళి అత్తే.

1924లో కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. పద్నాలుగో సంతానం. చిన్నప్పుడే తండ్రి పోయారు. సినిమాల మీద ఇష్టంతో మద్రాసు వెళ్లి, జెమినీ వారి ‘చంద్రలేఖ’లో డాన్సర్‌గా చేరారు. నెలకు 65 రూపాయలంటే కుదరదని చెప్పి 75 చేయించుకున్నారంటారు. ఆఫర్ లెటర్ చూసి కిక్కురుమనకుండా సంతకం పెట్టేసే మనకి ఇది చిన్న విషయమేం కాదు.

ఆవిడ కోరుకున్నది మాత్రం హీరోయిన్ వేషం. ‘సౌదామిని’లో ఆ అవకాశం చేతిదాకా వచ్చింది కూడా. ఇంతలో కారు ప్రమాదం, ముఖానికి గాయం. వేషం చేజారింది. ఆ రోజుల్లోనే, 1950లో, ఎల్వీ ప్రసాద్ తీసిన ‘సంసారం’లో గయ్యాళి అత్త పాత్ర దొరికింది. అప్పటికి ఆమె వయసు 26. ఆ వయసులో అత్త వేషమా అని ఎవరైనా వెనకాడతారు. పైగా ఒకసారి ముద్ర పడితే మళ్లీ పోదు. సూర్యకాంతం ఒప్పుకున్నారు. మొక్కుబడిగా చేసి వదిలేయలేదు. ఎడమచేయి తిప్పుతూ, మాట విరుస్తూ, ఇంకొకరు చేస్తే అతకదన్నంతగా చేశారు. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి తల్లి హిడింబి ఆవిడే. కొడుకుగా వేసిన ఎస్వీ రంగారావు ఆమెకంటే ఆరేళ్లు పెద్ద!

ఇక 1962. విజయా వారి సినిమా. ఎన్టీఆర్‌కి నూరో చిత్రం. ఏఎన్నార్, సావిత్రి, జమున, ఎస్వీఆర్.. ఇంతమంది ఉండగా టైటిల్ ‘గుండమ్మ కథ’. గుండమ్మ ఎవరో చెప్పక్కర్లేదుగా. సవతి కూతుర్ని పనిమనిషిలా చూస్తుంది, పొగిడితే పడిపోతుంది. సినిమా అంతా తిట్టుకుంటాం. చివర్లో ఛాయాదేవి వచ్చి ఆమెనే గదిలో పెట్టి తాళం వేస్తే అయ్యో పాపం అనిపిస్తుంది. నవ్వించి, తిట్టించుకుని, ఆపైన జాలి కూడా పుట్టించడం.. నా దృష్టిలో హీరోయిన్ పాత్రకంటే కష్టమైన పని అది.

దీనికి ఆవిడ కట్టిన మూల్యం కూడా ఉంది. తెలుగువాళ్లు ఆడపిల్లలకు సూర్యకాంతం అని పేరు పెట్టడమే మానేశారు. నిజానికి ఆవిడ షూటింగ్‌కి ఇంటి నుంచి వంటలు తెచ్చి అందరికీ కొసరి కొసరి వడ్డించే మనిషి. సీన్‌లో నాగయ్య గారిని నోటికొచ్చినట్టు తిట్టాల్సొస్తే, షాట్ అవగానే ఆయన కాళ్లకు దండం పెట్టారని చెబుతారు. అయినా తర్వాతి సినిమాలో మళ్లీ అదే గయ్యాళి, అదే ఎడమచేయి.