బెంచీ మీద కూర్చున్న నాన్న

ఊళ్లోకి ఎగ్జిబిషన్ వచ్చిందంటే పిల్లలు మనల్ని ఇంట్లో నిలవనివ్వరు. గేటు దగ్గర టికెట్లు తీసుకుని లోపలికి అడుగు పెడతాం. హమ్మయ్య, ఖర్చయిపోయింది అనుకునేలోపే జెయింట్ వీల్‌కో టికెట్టు, రంగులరాట్నానికో టికెట్టు, బొమ్మ రైలుకో టికెట్టు! దాహమేస్తే నీళ్ల సీసా బయటికంటే ఎక్కువ ధర. పిల్లలు రాట్నం మీద తిరుగుతుంటే వాళ్ల చెప్పులు, సంచులు పట్టుకుని కంచె పక్కన నిలబడే ఉద్యోగం మాత్రం ఎప్పుడూ అమ్మలదే. కాసేపు కూర్చుందామంటే ఒక్క బల్ల కూడా కనిపించదు.

సరిగ్గా ఇలాంటి విసుగులోంచే ప్రపంచంలోకెల్లా పేరున్న వినోదాల పార్కు పుట్టిందంటే నమ్ముతారా? విసుక్కున్న ఆ తండ్రి పేరు వాల్ట్ డిస్నీ. మిక్కీ మౌస్‌ను మనకిచ్చినవాడిగా ఆయన్ని ఎరగనివారుండరు. కానీ ఇంటికి వచ్చిన అతిథి దగ్గర దేనికి డబ్బు పుచ్చుకోవచ్చు, దేనికి పుచ్చుకోకూడదు అని తల బద్దలు కొట్టుకున్న మనిషిగా ఆయన మనలో చాలామందికి తెలియదు.

చీకట్లో ఆడుకున్న బొమ్మలు

వాల్ట్ 1901 డిసెంబరు 5న షికాగోలో పుట్టాడు. తండ్రి ఎలియాస్ కష్టజీవి, మహా కోపిష్ఠి. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు వడ్రంగిగా పనిచేసిన మనిషి. కొన్నాళ్లు మార్సెలిన్ అనే పల్లెటూళ్లో వ్యవసాయం చేసి, అది కలిసిరాక 1911లో పిల్లాపాపలతో కాన్సాస్ సిటీ చేరాడు. అక్కడ పేపర్లు వేసే ఏజెన్సీ తీసుకున్నాడు. పదేళ్లు నిండని వాల్ట్ తెల్లవారుజామున మూడున్నరకల్లా లేచి, మంచులో ఇంటింటికీ తిరిగి పేపర్లు వేసేవాడు. బయటి కుర్రాళ్లకు జీతం ఇచ్చే తండ్రి, సొంత కొడుకుకి పైసా ఇచ్చేవాడు కాదు. తిండీ బట్టా పెడుతున్నాను కదా, ఇంకా జీతమెందుకన్నది ఆయన లెక్క.

పేపర్లు వేసే ఇళ్లలో కొన్ని కలవారివి. ఆ ఇళ్ల పిల్లలు రాత్రి ఆడుకుని వరండాలో వదిలేసిన బొమ్మలు ఆ చీకట్లో వాల్ట్‌కు కనిపించేవి. కాసేపు కూర్చుని వాటితో ఆడుకుని, మళ్లీ ఉన్నచోటే జాగ్రత్తగా పెట్టి వెళ్లిపోయేవాడట. పెద్దయ్యాక తనే చెప్పుకునేవాడు. అదే ఊళ్లో ఎలక్ట్రిక్ పార్క్ అనే వినోదాల తోట ఉండేది. వేలాది దీపాలతో మిలమిల మెరిసిపోయే ఆ తోట పిల్లవాడి మనసులో అలా నిలిచిపోయింది.

ఆ తర్వాతి కథ మనం ఎన్నోసార్లు చదివిందే. 1923లో మొదటి కంపెనీ దివాలా తీసింది. చేతిలో దాదాపు ఏమీ లేకుండా హాలీవుడ్ రైలెక్కాడు. అన్న రాయ్‌తో కలిసి చిన్న స్టూడియో పెట్టాడు. ఆ స్టూడియోలో బొమ్మలకు సిరా దిద్దే అమ్మాయి లిలియన్‌ను 1925లో పెళ్లి చేసుకున్నాడు. 1928లో మిక్కీ మౌస్ వచ్చింది. అతను అనుకున్న మోర్టిమర్ అనే పేరు బాగా లేదని మిక్కీ అని మార్పించింది లిలియనే అంటారు. 1937లో స్నోవైట్ చిత్రంతో డిస్నీ పేరు ప్రపంచమంతా మారుమోగింది.

శనివారం నాన్నది

డిస్నీ దంపతులకు ఇద్దరమ్మాయిలు, డయాన్, షరాన్. ఎంత పని ఉన్నా శనివారం మాత్రం నాన్న పిల్లలదే. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్లి రంగులరాట్నం ఎక్కించేవాడు. వాళ్లు గుర్రాల మీద తిరుగుతుంటే తను బెంచీ మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ కాలక్షేపం చేసేవాడు.

అప్పుడే అతనికో ఆలోచన వచ్చింది. పిల్లలకు ఆట ఉంది, సరే. వాళ్లను తీసుకొచ్చిన పెద్దవాళ్లకేముంది? టికెట్లు కొనడం, కాపలా కాయడం తప్ప! ఆ రోజుల్లో అమెరికాలో అలాంటి పార్కులు చాలావరకు మురికిగా ఉండేవి. పనివాళ్లకు మాటలో మర్యాద ఉండేది కాదు. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి సంతోషించే చోటు ఒకటి ఎందుకు ఉండకూడదు అనుకున్నాడు వాల్ట్. 1951లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో టివోలీ తోటను చూశాడు. పూలమొక్కలు, దీపాలు, కూర్చోడానికి బెంచీలు, కాగితం ముక్క కనిపించని దారులు... ఇదే నాకు కావలసింది అనుకుని అన్నీ కాగితం మీద రాసుకున్నాడు.

ఇల్లాలి చీపురు

భర్త పార్కు కడతాననగానే లిలియన్‌కు నచ్చలేదు. అంత మురికి వ్యవహారం మనకెందుకు అంది. తను కట్టేది అలా ఉండదని మాటిచ్చాడు వాల్ట్. అన్న రాయ్ కూడా మొదట వెనకాడాడు. వాల్ట్ తన జీవిత బీమా మీద అప్పు తీశాడు, సెలవులకు వెళ్లే ఇల్లు అమ్మేశాడు. చివరికి ఏబీసీ టెలివిజన్ కంపెనీ పెట్టుబడి పెట్టింది. బదులుగా వాళ్లకు వారం వారం ఒక కార్యక్రమం చేసిచ్చాడు. అనాహైమ్ అనే ఊళ్లో 160 ఎకరాల నారింజ తోటలు కొని, 1954 జూలైలో పని మొదలుపెట్టాడు.

పార్కుల వ్యాపారంలో తల పండినవాళ్లను సలహా అడిగితే అందరూ పెదవి విరిచారు. పైసా రాబడి లేని కోట ఎందుకు? ఇన్ని చెట్లు, ఇంత విశాలమైన కూడలి ఎందుకు? డబ్బు పుట్టే చోట డబ్బు పెట్టాలి గానీ కూర్చునే చోట పెడతారా అని వాళ్ల వాదన. వాల్ట్ వినలేదు. కట్టడం పూర్తయ్యేసరికి ఖర్చు కోటీ 70 లక్షల డాలర్లయింది.

ప్రారంభానికి నాలుగు రోజుల ముందు, 1955 జూలై 13న డిస్నీ దంపతుల ముప్ఫయ్యో పెళ్లిరోజు. పార్కులోని మార్క్ ట్వేన్ పడవ మీద విందు పెట్టుకున్నారు. ముందుగా వచ్చిన లిలియన్ చూస్తే పడవ నిండా పనివాళ్లు వదిలిన చెత్త! ఆమె ఎవరినో పిలుస్తూ కూర్చోలేదు. చీపురు తీసుకుని తనే ఊడ్చేసింది. పార్కులంటే మురికి అన్న ఇల్లాలే ఈ పార్కులో తొలి రోజుల్లో చీపురు పట్టినవాళ్లలో ఒకరైంది.

మంచినీళ్లా, మరుగుదొడ్లా?

ప్రారంభానికి ముందు ప్లంబర్లు సమ్మె చేశారు. సమ్మె విరమించేసరికి రోజులు మిగల్లేదు. మరుగుదొడ్లన్నా పూర్తి చేయాలి, మంచినీళ్ల కుళాయిలన్నా పూర్తి చేయాలి. రెండూ కుదరవు. ఏది కావాలి?

వాల్ట్ మరుగుదొడ్లే అన్నాడు. దాహానికి కూల్‌డ్రింక్ కొనుక్కుని తాగొచ్చు, రెండో అవసరానికి కొనుక్కునే దారి లేదు కదా! పిల్లలతో ప్రయాణం చేసిన ఏ తల్లిని అడిగినా అదే చెబుతుంది.

1955 జూలై 17. పిలిచినవాళ్లే కాక దొంగ టికెట్లతో వచ్చినవాళ్లతో కలిపి సుమారు 28 వేల మంది విరుచుకుపడ్డారు. వంద డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ. కొత్తగా వేసిన తారు మెత్తబడి ఆడవాళ్ల హైహీల్స్ అందులో దిగబడిపోయాయి. హోటళ్లలో తిండి అయిపోయింది. నీళ్ల కోసం చూస్తే కుళాయిలు లేవు, కూల్‌డ్రింకులు మాత్రం ఉన్నాయి. ఇంకేముంది! అవి అమ్ముకోడానికే నీళ్లు లేకుండా చేశారని తిట్టిపోశారు. సంగతి తెలియని అతిథికి అలాగే అనిపిస్తుంది మరి. తప్పు వాళ్లది కాదు.

ఆ రోజు వాల్ట్‌కు పెద్ద పాఠం. అప్పటిదాకా డబ్బు పెట్టి కొన్న వినోదం ఎంత గొప్పదైనా, ఉచితంగా దొరకాల్సిన గుక్కెడు నీళ్లు దొరక్కపోతే మనిషి గుర్తుపెట్టుకునేది ఆ నీళ్లనే. తర్వాత కుళాయిలు వచ్చాయి, నీడ వచ్చింది, బెంచీలు వచ్చాయి. కొద్ది దూరానికో చెత్తబుట్ట వచ్చింది. దారుల మీద అంటుకుంటుందని పార్కులో చూయింగ్ గమ్ అమ్మనివ్వలేదు. వచ్చినవాళ్లను ఖాతాదారులు అనకూడదు, అతిథులు అనాలని పనివాళ్లకు శిక్షణ ఇప్పించాడు.

పర్సు తీసి తీసి...

అలాగని వాల్ట్ దానధర్మాలకు కూర్చోలేదు. గేటు టికెట్టు పెద్దవాళ్లకు ఒక డాలరు, పిల్లలకు అర డాలరు. కారు నిలిపినందుకు 25 సెంట్లు. లోపల ఒక్కో ఆటకు మళ్లీ వేరే టికెట్టు, 10 సెంట్ల నుంచి 35 సెంట్ల దాకా. అప్పట్లో అమెరికాలో కనీస వేతనం గంటకు 75 సెంట్లు! నలుగురున్న సంసారానికి గేటు దాటి కారు నిలపడానికే నాలుగు గంటలకు పైగా కష్టం ధారపోయాలన్నమాట.

ప్రతి ఆట దగ్గరా పర్సు తీయాల్సి రావడంతో జనం విసుక్కున్నారు. అందుకే 1955 అక్టోబరులో కూపన్ల పుస్తకం వచ్చింది. పెద్దవాళ్లకు రెండున్నర డాలర్లు. అందులోనే గేటు టికెట్టూ, ఎనిమిది ఆటలూ. మొదట ఎ, బి, సి అని మూడు రకాల కూపన్లు. 1956లో డి, 1959లో ఇ వచ్చి చేరాయి. ఎ అంటే చిన్నా చితకా ఆటలు, ఇ అంటే అన్నిటికంటే గొప్పవి. అమెరికన్ల మాటల్లో ఇ టికెట్టు అంటే అద్భుతమైన అనుభవం అని అర్థం స్థిరపడిపోయింది.

ఇందులో వ్యాపార కిటుకు లేకపోలేదు. పిల్లలకు కావలసిన ఇ కూపన్లు ముందే అయిపోయేవి, ఎ కూపన్లు మిగిలిపోయేవి. ఇంకా కావాలంటే విడిగా కొనాలి. మిగిలినవి ఎన్నో ఇళ్లలో సొరుగుల్లో ఏళ్ల తరబడి పడి ఉండేవి, మన పోపులపెట్టెలో పాత చిల్లరలా! కానీ ఒక్క మంచి ఉంది. ఏ ఆటా ఎక్కని అమ్మమ్మ గేటు టికెట్టు మాత్రమే కొనుక్కుని లోపలికి రావచ్చు. బెంచీ మీద కూర్చుని బ్యాండు మేళం వింటూ మనవల్ని చూసుకోవచ్చు.

ఏడు నిమిషాల పడవ

పార్కులో అగ్నిమాపక కేంద్రం మేడ మీద వాల్ట్‌కు చిన్న నివాసం ఉండేది. అక్కడ దిగినప్పుడు జనంలో కలిసి తిరిగేవాడు. ఒకసారి అడవిలో పడవ ప్రయాణం ఆటకు వెళ్లాడు. ఏడు నిమిషాలు సాగాల్సిన ప్రయాణం నాలుగున్నర నిమిషాల్లో అయిపోయింది. రద్దీ ఎక్కువైందని పడవ నడిపే కుర్రాడు తొందరపడ్డాడు. వాల్ట్ ఊరుకోలేదు. డబ్బిచ్చి వచ్చిన అతిథికి మధ్యలో రీళ్లు కత్తిరించిన సినిమా చూపిస్తామా అని అక్కడి అధికారిని నిలదీశాడు. ఆ తర్వాత గడియారాలు పట్టుకుని మరీ పడవలు నడపడం నేర్చుకున్నారు. డబ్బు తీసుకోవడం తప్పు కాదు, తీసుకున్నదానికి తక్కువ తూచడమే తప్పని అతని నమ్మకం.

ఫలితం కూడా దక్కింది. ఏడు వారాల్లో పది లక్షల మంది, మొదటి ఏడాదిలో 36 లక్షల మంది వచ్చారు. పార్కు మునిగిపోతుందన్నవాళ్లు నోళ్లు మూసుకున్నారు.

అతను వెళ్లాక

సిగరెట్లు మానలేని వాల్ట్ 1966 డిసెంబరు 15న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశాడు. అప్పటికి అరవై అయిదేళ్లు. ఫ్లోరిడాలో తలపెట్టిన రెండో పార్కును అన్న రాయ్ పూర్తి చేసి, తమ్ముడి పేరే పెట్టి, 1971 అక్టోబరులో తెరిచాడు. అదే ఏడాది డిసెంబరులో అతనూ పోయాడు.

కూపన్ల పుస్తకం 1982లో కనుమరుగైంది. గేటు దగ్గరే అంతా కట్టేస్తే లోపల ఎన్ని ఆటలైనా ఆడుకోవచ్చు. అమ్మల పర్సులకు ఊరట దొరికింది కానీ, బెంచీ మీద కూర్చునే అమ్మమ్మ కూడా పూర్తి టికెట్టు కొనాల్సిందే. 1999లో వరసలో నిలబడకుండా ముందుగా సమయం తీసుకునే సౌకర్యం వచ్చింది, అదీ ఉచితంగా. 2021లో దాని స్థానంలో డబ్బు కట్టి ముందుకు వెళ్లే పద్ధతి పెట్టారు. ఒక్కరోజు టికెట్టు ధర రద్దీ రోజుల్లో 2024 నాటికి 206 డాలర్లకు చేరింది. ఒక డాలరు గేటు టికెట్టు పెట్టిన మనిషి ఇది చూస్తే ఏమనుకునేవాడో!

గ్రిఫిత్ పార్కులోని ఆ పాత బెంచీల్లో ఒకదాన్ని డిస్నీలాండ్‌లో భద్రంగా ఉంచారు. కోటలు, పడవలు, రైళ్లు అన్నీ తర్వాతి మాట, మొదలైంది ఆ చెక్కబల్ల దగ్గరే.

మనింటికి చుట్టాలొస్తే ముందు ఏం చేస్తాం? కూర్చోమంటాం, మంచినీళ్లిస్తాం, పెరట్లోకి దారి చూపిస్తాం. ఆ తర్వాతే మిగతా మర్యాదలు. వ్యాపారం చేసేవాళ్లు వినోదానికి ధర కట్టుకోవచ్చు. ఈ మూడింటికీ మాత్రం ధర కట్టకూడదు. ఈసారి పిల్లలతో ఏ పార్కుకైనా వెళ్లినప్పుడు టికెట్ల పట్టికతో పాటు కుళాయి ఎక్కడుందో, బెంచీ ఎక్కడుందో కూడా చూడండి. లేకపోతే అడగండి. అడగడంలో నామోషీ ఏమీ లేదు. అతిథులం కదా!