నక్షత్రచిత్రకారుడు ఐజాక్ రాబర్ట్స్

చంద్రుడు లేని నిర్మలమైన రాత్రి దేవయాని నక్షత్రరాశివంక చూచినచో, అందొకచోట పొగమంచు తునకవంటి మసక వెలుగు కంటికి గోచరించును. దానిని నీహారిక యనిరి. దూరదర్శిని వెలసిన పిదప పండితులెందరో దానిని చూచి చిత్రములు గీచిరి. కాని ఒకరి చిత్రము వేరొకరి చిత్రమును పోలియుండలేదు. కన్ను చూచినదానిని చేయి గీయునపుడు, చూచినవాని ఊహ కొంత చేరుట సహజము గదా! ఈ చిక్కును విడదీసినవాడు విద్యాపీఠమునందలి ఆచార్యుడు గాడు. ఇండ్లు కట్టించు వృత్తి గలవాడు. ఆయనయే ఐజాక్ రాబర్ట్స్.

రాబర్ట్స్ 1829 జనవరి 27వ తేదీన వేల్సు దేశమునందలి గ్రోస్ గ్రామమున ఒక రైతు కుటుంబములో జన్మించెను. బాల్యముననే ఆయన కుటుంబము లివర్‌పూల్ నగరము చేరెను. పదునైదవ యేట ఆయన భవననిర్మాణము చేయు సంస్థలో పని నేర్చుకొనుటకు ప్రవేశించెను. పగలు పని, రాత్రి చదువు. ఇట్లు ఆయన యౌవనము గడచెను. కాలక్రమమున స్వంత సంస్థను స్థాపించి ధనవంతుడయ్యెను. అయినను విద్యాతృష్ణ తీరలేదు. మొదట భూగర్భశాస్త్రమును అభ్యసించి, 1878లో, ఏబదియేండ్లు నిండవచ్చిన వయసున, ఏడు అంగుళముల దూరదర్శినిని కొని ఆకాశమువైపు దృష్టి మరల్చెను.

ఆ కాలముననే పొడి మందు పూసిన గాజుపలకలు వాడుకలోనికి వచ్చెను. మన కన్ను ఎంతసేపు చూచినను, వెలుగును కూడబెట్టుకొనజాలదు. గాజుపలక యట్లు కాదు. చుక్క చుక్కగా పడిన నీటితో కుండ నిండునట్లు, అది గంటల తరబడి కాంతిని గ్రహించి, కంటికి కానరాని నక్షత్రములను సైతము చూపును. ఈ రహస్యమును గుర్తించి రాబర్ట్స్ 1885లో ఇరువది అంగుళముల అద్దము గల దూరదర్శినిని లివర్‌పూల్ సమీపమున మాఘల్ గ్రామమునందు నెలకొల్పెను.

ఆ పని సులభమైనది కాదు. భూమి తిరుగుచుండుటచే నక్షత్రములు గంటకు 15 డిగ్రీల చొప్పున పడమటికి జరుగును. గడియారపు యంత్రము దూరదర్శినిని వానివెంట త్రిప్పుచుండినను, దాని గతి తప్పకుండ ఒక నక్షత్రముపై చూపు నిలిపి సరిదిద్దుచుండవలెను. ఏమరుపాటు కలిగెనా, చుక్కలు గీతలై రాత్రి శ్రమ వ్యర్థమగును. మబ్బు క్రమ్మినను అంతే.

ఇట్టి దీక్షకు ఫలము 1888లో లభించెను. ఆ సంవత్సరమున రాబర్ట్స్ తీసిన దేవయాని నీహారిక ఛాయాచిత్రమును చూచి శాస్త్రజ్ఞులు విస్మయమందిరి. పూర్వులు రెండు నల్లని చారలుగా గీచినవి, కేంద్రమును చుట్టుకొనియున్న సుడులనడిమి చీకటిభాగములని దానివలన తేలెను. 1890లో ఆయన నిర్మలాకాశమును కోరి ఇంగ్లండు దక్షిణభాగమునందలి క్రోబరో చేరి, అచ్చట వేధశాల నిర్మించెను. 1895లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనకు స్వర్ణపతకము నొసగెను.

అయితే ఆ చిత్రమునకు రాబర్ట్స్ చెప్పిన అర్థము సరియైనది కాలేదు. ఆ సుడులయందు క్రొత్తగా ఒక సూర్యకుటుంబము జన్మించుచున్నదని ఆయన తలచెను. 1923లో అమెరికాలో ఎడ్విన్ హబుల్ అదే నీహారికలో వెలుగు హెచ్చుతగ్గులగు నక్షత్రమును ఛాయాచిత్రములమూలమున గుర్తించి, అది మన పాలపుంతకు వెలుపల నున్న మహా నక్షత్రసముదాయమని నిరూపించెను. అది మనకు సుమారు 25 లక్షల కాంతిసంవత్సరముల దూరమున నున్నది. రాబర్ట్స్ ఊహ తొలగిపోయినది. ఆయన చిత్రము మాత్రము నిలిచినది. అందులో ఆయన తన ఊహను చేర్చలేదు. ఆకాశము చూపినదానినే నిలిపెను.

1901లో ఆయన ఖగోళవిదుషి డొరోతియా క్లుంప్కేను వివాహమాడెను. 1904 జులై 17వ తేదీన మరణించెను. తన ధనములో అధికభాగమును లివర్‌పూల్, వేల్సు విద్యాలయములయందు విద్యార్థివేతనములకై వ్రాసియిచ్చెను. రాత్రిబడిలో చదువుకొన్న ఆ కుర్రవాడు తనవంటి వారిని మరువలేదు. భర్త మిగిల్చిన గాజుపలకలను డొరోతియా భద్రపరచి, వానినుండి కూర్చిన నక్షత్రపటమును 1929లో ప్రకటించెను.

బాలబాలికలారా! అర్థము చెప్పుటలో ఎంతవారైనను పొరబడవచ్చును. కాని చూచినదానిని చూచినట్లు భద్రపరచినవాని శ్రమ, తరువాతివారికి తప్పక దారి చూపును.