మూత తీసేసిన జెట్ విమానంలో డాక్టరు

కరీంనగర్ నుంచి వేములవాడకు ఎప్పుడైనా బైకు మీద వెళ్లారా? నాంపల్లి గుట్ట దగ్గర హెల్మెట్ అద్దం పైకెత్తి, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయి చూడండి. కళ్ల వెంట నీళ్లు కారతాయి, చెంపలు అదురుతాయి, వెనక కూర్చున్నవాళ్ల మాట వినపడదు. ఇప్పుడు అదే గాలి గంటకు 917 కిలోమీటర్ల వేగంతో ముఖాన్ని కొడితే? వేగం రెట్టింపైతే గాలి తాకిడి నాలుగు రెట్లవుతుంది. ఆ లెక్కన, గాలి అంతే చిక్కగా ఉందనుకుంటే, మీకు బైకు మీద తగిలినదానికి 230 రెట్లకు పైనే. ఒక డాక్టరు కావాలనే ఆ గాలికి ఎదురు కూర్చున్నారు. ఆయన పేరు జాన్ పాల్ స్టాప్. ఆయనకూ మీ కారులోని సీటు బెల్టుకూ చాలా దగ్గరి చుట్టరికం ఉంది.

స్టాప్ 1910 జులై 11న బ్రెజిల్‌లోని బయియాలో పుట్టారు. తల్లిదండ్రులు అమెరికా నుంచి వెళ్లిన మిషనరీలు. కాలేజీలో చదువుకుంటున్నప్పుడు, 1928 క్రిస్మస్ సెలవుల్లో చుట్టాల ఇంట్లో ఓ పసివాడు పాకుతూ వెళ్లి నిప్పుల్లో పడ్డాడు. ఆ పిల్లవాడి పక్కన రాత్రింబవళ్లు కూర్చుని సేవ చేసినా ప్రాణం దక్కలేదు. డాక్టరు కావాలన్న పట్టుదల అప్పుడే పుట్టింది. కానీ ఇంట్లో డబ్బు లేదు. జంతుశాస్త్రం, జీవభౌతిక శాస్త్రం చదివి, పాఠాలు చెప్పుకుంటూ 1944కు గానీ వైద్య పట్టా చేతికి రాలేదు. ఆ ఏడాదే సైన్యం వైమానిక దళంలో చేరారు.

అక్కడ ఆయన మొదటి పని ఎత్తైన ఆకాశంలో శరీరానికి ఏమవుతుందో చూడటం. గాలి ఒత్తిడి బాగా తగ్గినప్పుడు రక్తంలోని నత్రజని బుడగలుగా మారి కీళ్లను మెలిపెడుతుంది. విమానం ఎక్కే ముందు అరగంట పాటు శుద్ధమైన ఆక్సిజన్ పీలిస్తే ఈ బాధ రాదని ఆయన తేల్చారు. దీన్నీ తన ఒంటి మీదే పరీక్షించుకున్నారు.

అప్పుడే జెట్ విమానాల కాలం మొదలైంది. పైలట్ తలపై గాజుబుడగలాంటి మూత ఉంటుంది కదా, దాన్ని కానోపీ అంటారు. ఆకాశంలో అది హఠాత్తుగా ఊడిపోతే పైలట్ ఏం చేయాలి? వెంటనే సీటుతో సహా బయటికి ఎగిరిపోవాలా, విమానంలోనే ఉండి నేలకు దించవచ్చా? ఇది చిన్న ప్రశ్న కాదు. సీటు పైకి చిమ్మే ఊపుకు వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. పైగా విమానం పోతుంది, అది ఎవరి ఇళ్ల మీద పడుతుందో తెలియదు. లోపలే ఉండిపోతే గాలి దెబ్బకు కళ్లు, మెడ, ఊపిరితిత్తులు తట్టుకుంటాయా అన్నది తెలియదు. స్టాప్ మూత తీసేసిన జెట్ విమానంలో గంటకు 917 కిలోమీటర్ల వేగం దాకా వెళ్లి వచ్చారు. గాలి వల్ల ఎలాంటి గాయం కాలేదు. సీటుకు గట్టిగా కట్టుకుని ఉన్న మనిషి ఆ వేగంలోనూ విమానంతోనే ఉండవచ్చని అలా తేలింది.

మరి మనుషులు దేనివల్ల చనిపోతున్నారు? ఆ జవాబు కోసం ఆయన 1947లోనే కాలిఫోర్నియా ఎడారిలోని మ్యూరాక్ స్థావరంలో పట్టాల మీద రాకెట్ బండి ఒకటి పరుగెత్తించడం మొదలుపెట్టారు. మనిషి శరీరం భూమ్యాకర్షణకు 18 రెట్ల బలాన్ని మించి తట్టుకోలేదని అప్పటి నమ్మకం. ముందు బొమ్మలతో, చింపాంజీలతో చేశారు (చింపాంజీల సంగతి ఇప్పుడు చదివితే మనసు చివుక్కుమంటుంది). ఆ ఏడాది డిసెంబరు 10న ఆయనే ఎక్కారు, మొదట వెనక్కి తిరిగి కూర్చుని. ఏడాది తిరక్కముందే 35 రెట్ల బలాన్ని చవిచూశారు. పక్కటెముకలు చిట్లాయి, మణికట్టు విరిగింది, కంటి రెటీనాలో రక్తస్రావమైంది. తప్పు జరగడానికి వీలున్న చోట జరిగే తీరుతుందనే మర్ఫీ సూత్రం కూడా 1949లో ఈ ప్రయోగాల దగ్గరే పుట్టింది. కొలిచే పరికరాల తీగలను తలకిందులుగా కలిపేశారు మరి!

అసలు పరీక్ష 1954 డిసెంబరు 10న, న్యూమెక్సికోలోని హోలోమన్ స్థావరంలో జరిగింది. చూపు పోవచ్చని తెలుసు కాబట్టి చీకట్లో బట్టలు వేసుకోవడం ముందే సాధన చేసి మరీ వచ్చారు. తొమ్మిది రాకెట్లు అంటుకున్నాయి. అయిదు సెకన్లలో వేగం 1017 కిలోమీటర్లకు చేరింది. కిందనున్న నీళ్ల బ్రేకు తగిలి 1.4 సెకన్లలో బండి ఆగిపోయింది. అప్పుడు ఆయన మీద పడింది గరిష్ఠంగా 46.2 రెట్ల బలం. అంటే ఆ క్షణాన ఆయన శరీరం మూడున్నర టన్నుల బరువు తూగిందన్నమాట. ముందుకు చూస్తూ కూర్చున్న మనిషి హఠాత్తుగా ఆగితే రక్తం, కనుగుడ్లు కూడా ముందుకే ఉరుకుతాయి. కంట్లోని సన్నటి రక్తనాళాలు పగిలి చూపు పోయింది. అయితే కాసేపటికి తిరిగి వచ్చింది.

బెల్టులు పట్టి ఉంచితే శరీరం మనం అనుకున్నదానికన్నా ఎంతో తట్టుకుంటుంది. కట్టు లేని శరీరం ఎగిరివెళ్లి దేనికో కొట్టుకోవడమే ప్రాణాంతకం. ఇది తెలిశాక స్టాప్ చూపు రోడ్ల మీదికి మళ్లింది. వైమానిక దళం విమాన ప్రమాదాల్లో పోగొట్టుకుంటున్నంత మందిని కారు ప్రమాదాల్లోనూ పోగొట్టుకుంటోంది. 1955లో కారు ప్రమాదాల మీద నిపుణుల సదస్సు పెట్టారు. ఇప్పటికీ అది ఆయన పేరుతోనే ఏటా జరుగుతోంది. కార్ల కంపెనీల వెంటపడ్డారు. 1966లో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ వాహన భద్రత చట్టంపై సంతకం చేస్తున్నప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. భుజం మీదుగా వచ్చే మూడు కొసల బెల్టును మాత్రం 1959లో వోల్వో ఇంజినీరు నీల్స్ బోలిన్ రూపొందించారు.

ఇప్పుడు మన కారు సంగతికి వద్దాం. మనవడి పుట్టువెంట్రుకలు రాజన్నకు సమర్పించడానికి తెల్లవారుజామునే బయలుదేరతారు. ముందు సీట్లో నానమ్మ, ఆమె ఒళ్లో బాబు. బెల్టు పెట్టుకోకపోతే కుయ్ కుయ్‌మంటుందని ఉత్త బకిల్ ఒకటి కొని గుచ్చేసి ఉంటుంది. బాబు బరువు పది కిలోలు అనుకుందాం. 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు దేన్నో గుద్ది సెకనులో పదోవంతులో ఆగితే, ఆ క్షణాన బాబు 140 కిలోల బరువవుతాడు. ఎంత ప్రేమ ఉన్నా ఆ చేతులు ఆపలేవు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే ఆ దెబ్బ ముందు తగిలేది కూడా బాబుకే. పసిపిల్లల సీటును వెనక వరుసలో, వెనక్కి తిప్పి బిగించమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. ఆగే దెబ్బ లేత మెడ మీద కాకుండా వీపంతా పరుచుకుంటుంది. స్టాప్ తన మొదటి సవారీకి కూర్చున్నదీ అలాగే.

వెనక సీట్లో ఉన్నవారికి బెల్టు ఎందుకని మీ ఇంట్లో ఎవరైనా అంటే, కట్టు లేనివాళ్లు ముందు సీట్లోని వాళ్ల మీదకే ఎగిరి పడతారని చెప్పండి. మన చట్టం ప్రకారం కూడా వెనక కూర్చున్నవారికి బెల్టు తప్పనిసరి. లేకపోతే 1000 రూపాయల జరిమానా.

మొత్తం 29 సార్లు రాకెట్ బండి ఎక్కిన స్టాప్ 1999 నవంబరు 13న, 89 ఏళ్ల వయసులో, న్యూమెక్సికోలోని అలమొగొర్డోలో తన ఇంట్లోనే ప్రశాంతంగా కన్నుమూశారు.