ఊపిరితో పలికిన తెలుగు – షేక్ చినమౌలానా గారు

మన కాపెల్‌లో పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో స్పీకర్లలోంచి వచ్చే మంగళవాద్యం పిల్లలందరికీ తెలిసిందే. ఆ నాదస్వరానికి దేశమంతటా కీర్తి తెచ్చిన ఒక తెలుగు విద్వాంసుని గురించి ఈ సంచికలో తెలుసుకుందాం.

షేక్ చినమౌలానా గారు 1924లో ఒంగోలు దగ్గరి కరవది గ్రామంలో, తరతరాలుగా నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబంలో జన్మించారు. మొదట తండ్రిగారి వద్ద, తర్వాత చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబ్ గారి వద్ద విద్య నేర్చుకున్నారు.

పిల్లలూ, మీలో కొందరు మౌతార్గాన్ వాయిస్తారు కదా! అందులో ఊదితే మోగే రేకులు, గాలి పీలిస్తే మోగే రేకులు వేరువేరుగా ఉంటాయి. కొన్ని రకాల్లో మోగని రేకు పక్కనుంచి గాలి జారిపోకుండా పలుచని పొరలు అంటిస్తారు. వాటినే వాల్వులంటారు. వాటివల్ల తక్కువ ఊపిరితోనే స్వరం నిండుగా పలుకుతుంది.

నాదస్వరంలో అలాంటి సాయం ఏదీ లేదు. నోటి దగ్గర రెల్లుతో చేసిన చిన్న పీక, కింద వేళ్ళకు ఏడు రంధ్రాలు, అంతే! పెదవుల బిగింపు కాస్త మారినా శ్రుతి మారిపోతుంది. ఊపిరిని పెంచి తగ్గించి గమకం పలికించాలి.

టి.ఎన్. రాజరత్నం పిళ్ళై గారి వాదనకు ముగ్ధులైన చినమౌలానా గారు, ఇంట నేర్చిన విద్యతో తృప్తి పడలేదు. తంజావూరు బాణీ కోసం తమిళనాడు వెళ్ళి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైక్కణ్ణు సోదరులకు శిష్యులయ్యారు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడి రంగనాథునికి నాదసేవ చేశారు. ముస్లిం ఇంట పుట్టడం ఆ సేవకు అడ్డు కాలేదు. అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం స్థాపించి ఎందరికో విద్య నేర్పారు.

1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి ఆయనను వరించాయి. 1999లో స్వర్గస్థులయ్యారు. ఆయన శిష్యులైన కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది.

నాదస్వరం మాటలు పలకదు. అయినా త్యాగరాజ కీర్తన వాయించేవారికి సాహిత్యం తెలిసి ఉండాలి. ఏ అక్షరం దగ్గర నాలుకతో ఒత్తాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెప్పేది ఆ తెలుగు మాటే. పొరుగు భాష నడుమ బతికినా చినమౌలానా గారి వాద్యంలో ఆ మాట నిలిచే ఉంది. ఇంత దూరాన ఉన్న మనం కూడా పిల్లలకు కీర్తన నేర్పేటప్పుడు స్వరంతోపాటు అర్థమూ చెబుదాం.