రోనాల్డ్ రాస్

ఆలేరులో రైలెక్కి సికింద్రాబాదుకు వచ్చే విద్యార్థులకు బేగంపేట పేరు కొత్త కాదు. అక్కడి పాత విమానాశ్రయానికి సమీపాన ఒక పాతకాలపు భవనం ఉంది. మన పెద్దలు చలిజ్వరమని పిలిచిన మలేరియా గుట్టు విప్పిన రోనాల్డ్ రాస్ పేరు దానితో ముడిపడి ఉంది.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించాడు. తండ్రి సైనికాధికారి. కుమారునికి సాహిత్యంపై మక్కువ. తండ్రికి అతనిని వైద్యునిగా చూడాలని కోరిక. తండ్రి కోరికే నెగ్గింది. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరిన రాస్ చాలాకాలం వైద్యం కంటె కవిత్వం, గణితం మీదనే ఎక్కువ శ్రద్ధ చూపాడు.

మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవి ఉంటుందని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే కనుగొన్నాడు. అది ఒకరి నుండి మరొకరికి ఎట్లు చేరుతున్నదో మాత్రం తెలియలేదు. 1894లో సెలవుపై లండను వెళ్ళిన రాస్‌కు ప్యాట్రిక్ మాన్సన్ దోమలను అనుమానించమని సూచించాడు. మరుసటి ఏడాది రాస్ సికింద్రాబాదు చేరి పని మొదలుపెట్టాడు.

రెండేళ్ళ శ్రమ వృథా అయింది. ఆయన కోసి చూసిన దోమలు మలేరియాను మోసే జాతివి కావు. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఉక్కపోతలో చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. గాలికి దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వద్దన్నాడు. చివరకు 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న దోమలు లభించాయి. ఆగస్టు 16న వాటిని హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిపై వదిలారు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. అణాలకు తన రక్తాన్ని దోమలకిచ్చిన ఆ రోగి లేనిదే ఈ కథ లేదు; అయినా అతనిని తలచుకునేవారు అరుదు.

ఆగస్టు 20న అట్టి దోమ నొకదానిని కోసి చూడగా, జీర్ణాశయపు గోడలో నల్లని వర్ణకణికలు గల గుండ్రని కణాలు కనిపించాయి. మరునాడు మరొక దోమలో అవే కణాలు మరింత పెరిగి ఉన్నాయి. పరాన్నజీవి దోమలో పెరుగుతున్నదని రాస్ గ్రహించాడు.

అంతలోనే బదిలీ ఉత్తర్వు వచ్చింది! మలేరియా రోగులు అంతగా దొరకని రాజపుతానాలోని ఖేర్వారాకు ఆయనను పంపారు. 1898లో కలకత్తా చేరి, పక్షుల మలేరియాను ఆశ్రయించాడు. పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరుతుందని, దోమకాటుతో ఆరోగ్యవంతమైన పిచ్చుకలకు రోగం సోకుతుందని ఆ జూలైలో నిరూపించాడు. కిశోరీమోహన్ బందోపాధ్యాయ ఆయనకు సహాయకుడు. మనుషుల విషయంలో అదే ఏడాది ఇటలీలో గ్రాస్సీ బృందం రుజువు చూపింది. ఘనత ఎవరిదన్న వివాదం ఇరువురి మధ్య చాలాకాలం నడిచింది. అందులో రాస్ ప్రవర్తన అంత హుందాగా లేదు. 1902లో నోబెల్ బహుమతి రాస్‌నే వరించింది.

ఒక్కొక్క దోమను కోసి కంటితో వెతికిన పని నేడు తేలికైంది. ఊళ్ళలో పట్టిన దోమలను గుంపులుగా నూరి, పీసీఆర్ పరీక్షతో వాటిలో పరాన్నజీవి జన్యుపదార్థం ఉన్నదీ లేనిదీ తేల్చవచ్చు. జ్వరాలు ప్రబలకముందే ప్రమాదాన్ని పసిగట్టడానికి ఈ పరీక్ష తోడ్పడుతుంది. డెంగ్యూ వంటి రోగాల వైరస్‌లను కూడా ఇట్లే దోమలలో వెతుకుతారు.

1899లో ఉద్యోగం వీడిన రాస్ లివర్‌పూల్‌లో ఉష్ణమండల వ్యాధులను బోధించాడు. దోమలు గుడ్లు పెట్టే నీటి గుంటలను పూడ్పించడానికి పలు దేశాలు తిరిగాడు. ఎన్ని దోమలు తగ్గితే రోగం తగ్గుతుందో గణితంతో లెక్కగట్టాడు. చిన్ననాటి గణితాభిమానం అట్లు అక్కరకు వచ్చింది. 1932 సెప్టెంబరు 16న లండనులో మరణించాడు. ఆయన దోమలో పరాన్నజీవిని చూసిన ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.