చార్లెస్ కెటరింగ్: హ్యాండిల్ దెబ్బను తప్పించిన శాస్త్రజ్ఞుడు

పుష్యమాసపు తెల్లవారుజామున చర్లపల్లి పారిశ్రామికవాడ మీదుగా వెళ్ళేవారికి ఒక దృశ్యం సుపరిచితమే. రాత్రంతా చలిలో నిలిచిన పాత బండి, తాళంచెవి ఎంత తిప్పినా స్టార్టు కాదు. నలుగురు చేరి వెనుకనుండి తోస్తారు. మనకు మంచు కురవదు గనుక ఇది కొద్ది నిమిషాల ఇబ్బంది మాత్రమే. హిమపాతం గల దేశాలలో ఒకనాడు ఇదే ప్రాణాపాయంగా ఉండేది. ఆ ఆపదను తొలగించిన చార్లెస్ కెటరింగ్ జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

ఆయన 1876 ఆగస్టు 29న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో రైతు కుటుంబాన జన్మించాడు. చిన్ననాటినుండి కంటిచూపు మందం. కొంతకాలం బడిపంతులుగా పనిచేసి విశ్వవిద్యాలయంలో చేరాడు గాని, కళ్ళు సహకరించక చదువు మానవలసి వచ్చింది. టెలిఫోను తీగెలు వేసే ముఠాలో పనిచేశాడు. పిదప తిరిగి చేరి, సహాధ్యాయులు పుస్తకాలు చదివి వినిపించగా, 1904లో 27 ఏళ్ళ వయస్సున విద్యుత్ ఇంజనీరింగు పట్టభద్రుడయ్యాడు.

డేటన్ నగరంలోని నేషనల్ క్యాష్ రిజిస్టర్ సంస్థలో ఉద్యోగిగా, దుకాణాలలో నగదు లెక్క చూపే యంత్రానికి ఆయన చిన్న విద్యుత్ మోటారు అమర్చాడు. అది రోజంతా తిరగనక్కరలేదు. సొరుగు తెరుచుకొనే క్షణాన బలంగా తిరిగితే చాలు. ఈ గ్రహింపే ఆయనకు మూలధనమైంది.

ఆనాడు కారు ముందుభాగాన ఇనుప హ్యాండిల్ దూర్చి చేతితో తిప్పేవారు. చలికి ఆయిలు చిక్కబడుతుంది, పెట్రోలు సరిగా ఆవిరి కాదు. ఇంజను మొండికేసి, ఒక్కొక్కసారి హ్యాండిల్ ఎదురుతన్ని చేయి విరుగగొట్టేది. 1908లో బైరన్ కార్టర్ అనే కార్ల తయారీదారు అటువంటి దెబ్బ తిని, పిమ్మట మరణించాడని చెబుతారు. ఆయన మిత్రుడు, కాడిలాక్ సంస్థ అధిపతి హెన్రీ లీలాండ్ ఈ హ్యాండిల్ పీడ వదిలించాలని సంకల్పించి కెటరింగును ఆశ్రయించాడు.

ఇంజనును తిప్పగల మోటారు కారులో పట్టదని నిపుణులు లెక్కగట్టారు. క్షణకాలం మాత్రమే తిరిగే మోటారుకు ఆ లెక్క వర్తించదని కెటరింగ్ గుర్తించాడు. ఇంజను నడిచేటప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి బాటరీని నింపేటట్లు అమర్చాడు. 1911లో ప్రయోగం ఫలించింది. 1912 నమూనా కాడిలాక్ కార్లలో సెల్ఫ్ స్టార్టరు వచ్చింది.

నేటికీ బండి మొరాయిస్తే మెకానిక్కులు ఆ వరుసనే ఆలోచిస్తారు. స్టార్టరు టక్కుమని ఆగిపోతే బాటరీని, తుప్పు పట్టిన టెర్మినళ్ళను చూస్తారు. ఇంజను తిరిగి కూడా అంటుకోకపోతే పెట్రోలును, ప్లగ్గులను చూస్తారు. బలం అధికంగా కావలసిన చలివేళనే బాటరీ బలం తగ్గుతుంది.

ఆయన కీర్తికి ఒక మచ్చ కూడా ఉన్నది. జనరల్ మోటార్స్ పరిశోధనాధిపతిగా ఉండగా, 1921లో ఆయన సహచరుడు థామస్ మిడ్‌గ్లే పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపే పద్ధతి కనుగొన్నాడు. 1924లో దాని తయారీలో కార్మికులు మరణించినా కెటరింగ్ దానిని సమర్థించాడు. ఆ విషవాయువు మన నగరాలనూ విడువలేదు. భారతదేశం 2000లో, ప్రపంచమంతా 2021 నాటికి ఆ పెట్రోలును వదిలించుకొన్నాయి. 1945లో ఆయన, ఆల్‌ఫ్రెడ్ స్లోన్ కలిసి న్యూయార్కులో కాన్సరు పరిశోధన సంస్థను నెలకొల్పారు. 1958 నవంబరు 25న ఆయన కన్నుమూశాడు.

విరిగిన చేయి కంటికి కనబడింది గనుక ఆ మేధ దానికి మందు వెదకింది. గాలిలో కలిసిన సీసం కనబడలేదు గనుక ఉపేక్షించింది. రేపు వర్క్‌షాపులలోను, పరిశోధనశాలలలోను అడుగిడబోయే మా విద్యార్థులు ఈ రెండింటినీ జ్ఞప్తియందుంచుకోవాలని కోరుతున్నాము.