సోఫీ జెర్మేన్

సోఫీ జెర్మేన్ 1776 ఏప్రిల్ 1న పారిస్ నగరంలో జన్మించింది. 1789లో ఫ్రెంచి విప్లవం చెలరేగినప్పుడు ఇల్లు కదలలేక, తండ్రి గ్రంథాలయంలో గణిత గ్రంథాలు చదవసాగింది. ఆడపిల్లకు గణితమెందుకని తల్లిదండ్రులు రాత్రివేళ దీపం, చలిమంట లేకుండా చేశారు. ఆమె దాచుకొన్న కొవ్వొత్తుల వెలుగులో దుప్పటి కప్పుకొని చదివింది. ఎకోల్ పాలిటెక్నిక్ విద్యాలయంలో స్త్రీలకు ప్రవేశం లేదు. అందుచేత లెబ్లాంక్ అనే పురుషుని పేరుతో లగ్రాంజ్ పండితునికి వ్యాసం పంపింది. నిజం తెలిసిన తరువాత ఆయన ఆమెను ప్రోత్సహించాడు.

1808లో క్లాడ్నీ అనే శాస్త్రజ్ఞుడు పారిస్‌లో ఒక ప్రయోగం చూపాడు. పలకపై ఇసుక చల్లి, అంచున కమాను లాగితే ఇసుక చక్కని ఆకృతులుగా పేరుకొనేది. దీనికి గణిత కారణం చెప్పినవారికి బహుమతి ఇస్తామని విజ్ఞాన సంస్థ ప్రకటించింది. పలక వక్రత ఎంత మారితే, దానిని పూర్వస్థితికి తెచ్చే బలం అంత పెరుగుతుందని సోఫీ భావించింది. 1811లో ఆమె వ్యాసంలో తప్పులు దొర్లాయి, బహుమతి రాలేదు. 1813లో ప్రశంస మాత్రమే దక్కింది. మూడవసారి, 1816లో బహుమతి గెలిచింది.

1831 జూన్ 27న ఆమె మరణించింది. నేడు కంప్యూటరు తెరపై గుడ్డ మడత పడినా, రేకు వంగినా సహజంగా కనిపించేటట్లు చేసే లెక్కలలో ఆ వక్రత భావమే ఉంది. ఓటమికి వెరవని ఆమె పట్టుదల మనకు ఆదర్శం.